ఒక్కరోజు బ్యాటరీ

అంకాలమ్మ ఎడమచేత్తో రబ్బరు బుడ్డిని నొక్కి పట్టి, గాజుగొట్టం కొసను మూడో సెల్లులోకి దించి, బుడ్డిని మెల్లగా వదిలింది. యాసిడ్ గొట్టంలోకి ఎక్కింది. అందులో తేలే గాజుపుల్లను కంటికి సమానంగా పట్టుకుని, అది ఎంతవరకు మునిగిందో చూసి, యాసిడ్‌ను మళ్లీ అదే సెల్లులోకి వదిలి, బ్యాటరీ పక్కన సుద్దముక్కతో ఒక అంకె వేసింది. తర్వాత నాలుగోది. ఆరు సెల్లులకూ ఆరు అంకెలు పడేదాకా ఆమె తల ఎత్తదు. ఎవరు పిలిచినా పలకదు. కోట అనే ఆ ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి పిలిచేవాళ్లూ తక్కువే.

ఆ సోమవారం పొద్దున ఐదో సెల్లు దగ్గర ఉండగా నిమ్మకాయల వాసన తగిలింది. తల ఎత్తకుండానే వచ్చినవాళ్లెవరో ఆమెకు అర్థమైంది. ఇన్నేళ్లుగా నిమ్మకాయల బస్తాలు మోసీ మోసీ, లోపలి సీట్లకు, డిక్కీ రేకులకు కూడా ఆ వాసన పట్టేసిన కారు ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది.

"ఆరోది కూడా చూసుకోమ్మా. నేను నిలబడుకోనుంటా," అన్నాడు పద్మనాభయ్య.

ఆయన వెనక తెల్ల అంబాసిడర్‌ను ముగ్గురు మనుషులు తోసుకొస్తున్నారు. కొత్తగా రంగు వేయించిన బండి. కొత్త టైర్లు. పెళ్లికి ముస్తాబు చేసి నడవలేని పెళ్లికొడుకును ఎత్తుకొచ్చినట్టుంది చూడటానికి.

పద్మనాభయ్యకు కోటకు పడమరగా రెండెకరాల నిమ్మతోట ఉంది. వయసు డెబ్భైకి దగ్గర. తోట దగ్గరికి వచ్చి బేరమాడే దళారులకు ఆయన ఏనాడూ ఒక్క బస్తా ఇవ్వలేదు. కాయ కోసిన రోజే డిక్కీలో నాలుగు, వెనక సీటు పీకేసిన చోట ఆరు బస్తాలు వేసుకుని గూడూరు మార్కెట్‌కు తానే తోలుకుపోతాడు. అక్కడ వేలంపాటలో నిలబడి తన కాయకు పలికిన ధర తన చెవులతో వింటాడు. సొంత బండి ఉన్నవాడికే బేరంలో సొంత నోరు ఉంటుందని ఆయన మాట. ఆ బండి లేకపోతే తోట గట్టున కూర్చుని దళారి చెప్పిన ధరకు తలూపాల్సిందే.

ఇప్పుడు ఆ బండికే గండం వచ్చింది. కారు కొని పాతికేళ్లు నిండాయి. పదిహేనేళ్లకు ఒకసారి, ఇరవైకి ఒకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. ఇది మూడోసారి. గురువారం గూడూరులో ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టి, తనంతట తాను స్టార్ట్ అయ్యి, దీపాలు వెలిగి, బ్రేకులు పట్టి చూపించాలి. తోసి స్టార్ట్ చేసే బండిని పాస్ చేయరు. చేతిలో ఉన్నదంతా టైర్లకు, బ్రేకులకు, రంగుకు అయిపోయాక, ఆదివారం నాడు బ్యాటరీ చచ్చిపోయింది.

ఆయన ముందు గూడూరులో జయకుమార్ కొట్టుకు పోయాడట. జయకుమార్ కొత్త బ్యాటరీలు అమ్ముతాడు, పాత బండ్లను తూకానికి కొంటాడు. రెండు వ్యాపారాలూ ఒకే బల్ల మీద. డీజిల్ ఇంజన్ తిప్పగలిగే సైజు బ్యాటరీ ధర చెప్పి, పెద్దాయన ముఖం చూసి, అప్పుడొక మాట అన్నాడట. ఆ మాట పద్మనాభయ్య అంకాలమ్మకు వెంటనే చెప్పలేదు. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాక చెప్పాడు.

"కాటికి పోయేవాడికి కంటి ఆపరేషన్ ఎందుకు పెద్దాయనా, అన్నాడమ్మా. గురువారం ఎట్టా పాస్ కాదు, సాయంత్రానికి క్రేను బండి పంపిస్తా, మంచి తూకం కట్టిస్తా అన్నాడు."

అంకాలమ్మ యాసిడ్ విరిగేందుకు చేతులు వంటసోడా కలిపిన నీళ్ల బకెట్‌లో ముంచి కడుక్కుంది. ఆమె చీర మీద ఎప్పుడూ ఒక మగవాళ్ల ఖద్దరు చొక్కా ఉంటుంది. దాని నిండా యాసిడ్ పడ్డ చిల్లులే.

"నా సంగతేమన్నా అన్నాడా?"

పద్మనాభయ్య చెంబును పక్కకు జరిపాడు. "కోటలో ఒకామె చెరువు గట్టున పారేసిన పెట్టెలు అమ్ముతుందంట గదా, ఆడికి పో అన్నాడు."

"తప్పేం జెప్పలా," అంది అంకాలమ్మ. "గట్టున పారేసినవే. వాటిలో ఏది బతికుండాదో చెప్పడానికే గదా నేనుండేది."

ఆమె చెప్పింది నిజమే. కోటకు తూర్పున వరసగా రొయ్యల చెరువులు ఉన్నాయి. కరెంటు పోతే చెరువు నీళ్లకు గాలి అందించే చక్రాలు ఆగిపోతాయి. అవి అరగంట ఆగితే రొయ్య పైకి తేలుతుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. అందుకని ప్రతి చెరువు దగ్గరా ఒక డీజిల్ జనరేటర్ ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేయడానికి ఒక పెద్ద బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీ ఒక్కసారి మొరాయించినా పంట మొత్తం పోతుంది కాబట్టి, రైతులు పంట తీశాక, చెరువు ఎండగట్టిన రోజుల్లో, బాగున్నా బాగాలేకున్నా బ్యాటరీని మార్చేస్తారు. పాతదాన్ని గట్టు మీద పడేస్తారు. చెరువు దగ్గర నమ్మలేని బ్యాటరీ కారులో మాత్రం ఇంకా రెండేళ్లు, మూడేళ్లు తిరుగుతుంది. కారు దారిలో ఆగితే రొయ్యలు చావవు. ఈ చిన్న లెక్క కోటలో మొదట పట్టుకున్నది అంకాలమ్మే. పాత మారుతీలు, జీపులు, అంబాసిడర్లు, గుడి ముందు ఆగిపోయే పెళ్లి వ్యాన్లు చాలావరకు ఆమె చేతి బ్యాటరీల మీదే తిరుగుతున్నాయి. వచ్చిన వాటిలో సగం పనికిరావు. వాటిని ఆమె విప్పదు, అతకదు. సీసం కొనే లారీకి తూకానికి వేసేస్తుంది. మిగతా సగానికి ఆరు నెలల మాట ఇస్తుంది. కాగితం ఇవ్వదు. బ్యాటరీ మీద తీగ బిగించే సీసపు కొమ్ము మీద మేకుతో తేదీ గీకుతుంది. అది బండిలో ఎక్కి, బండి తన పని చేసి చూపించాకే గీకుతుంది. అంతకుముందు గీకడం ఆమె ఆచారం కాదు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పులికాట్ సరస్సు మధ్య దిబ్బ మీది ఊరికి ఆమె కోడలుగా పోయినప్పుడు ఆ ఊరికి కరెంటు లేదు. టీవీలు మాత్రం నాలుగు ఉండేవి, అన్నీ బ్యాటరీ మీద నడిచేవి. వారానికోసారి ఆ బ్యాటరీలను పడవలో గట్టుకు చేర్చి, ఛార్జింగ్ పెట్టించి తేవాలి. వేటకు పోయే మగవాళ్లకు తీరిక లేదు కాబట్టి ఆ పని కొత్త కోడలికి పడింది. కాళ్ల మీద యాసిడ్ చుక్కలు పడి మచ్చలు కట్టాయి. ఏ పెట్టె వారం నిలుస్తుంది, ఏది రెండు రోజులకే వట్టిపోతుంది అన్నది ఆమె గమనించడం మొదలుపెట్టింది. ఛార్జింగ్ కొట్టువాడు తొందరపడి ఎక్కువ కరెంటు పెట్టిన వారం టీవీ తొందరగా ఆరిపోయేది. మెల్లగా పెట్టిన వారం సినిమా చివరిదాకా నడిచేది. ఆ తేడా ఎందుకో ఆ కొట్టువాడికి కూడా తెలియదు. ఆమె అడిగితే ఆడదానికి ఎందుకన్నాడు. అప్పటినుంచి ఆమె ఎవరినీ అడగలేదు. చూసి తెలుసుకుంది.

ఊరికి కరెంటు వచ్చాక, కోటలో సొంతంగా ఒక ఛార్జర్ పెట్టుకోవాలనుకుంది. పది పాత బ్యాటరీలు కోటకు చేర్చాలి. యాసిడ్ పెట్టెలని బస్సు కండక్టర్లు దించేశారు. ఆటోవాళ్లు ఎక్కించుకోలేదు. రోడ్డు పక్కన పెట్టెల మధ్య నిలబడి ఉంటే, గూడూరులో నిమ్మకాయలు దించి ఖాళీగా వస్తున్న ఒక తెల్ల అంబాసిడర్ ఆగింది. పద్మనాభయ్య ఏమీ అడగలేదు. దిగి, గోనెసంచులు పరిచి, పది పెట్టెలూ తానే ఎత్తి పెట్టాడు. యాసిడ్ కారి డిక్కీ అడుగున అరచెయ్యంత రేకు తినేసింది. ఇప్పటికీ అక్కడ అతుకు కనిపిస్తుంది. ఆ సంగతి ఆయన ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అందుకే సోమవారం ఆమె ఇంకో మాట మాట్లాడకుండా, చేతికింద ఉన్న పెట్టెనే చూపించింది. సుకుమార్ అనే రొయ్యల రైతు చెరువు నుంచి ముందురోజు వచ్చింది. చెరువు ఎండగట్టి జనరేటర్ నుంచి దించిన బ్యాటరీ. సైజు సరిపోతుంది, ఆరు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మంగళవారం సాయంత్రానికి ఛార్జ్ అవుతుంది, బుధవారం పరీక్ష, గురువారం పొద్దున బిగింపు అని చెప్పింది.

"తొందరగా పెట్టలేవా? బుధవారం ఒకసారి గూడూరు దాకా పోయి చూసుకునేవాణ్ణి," అన్నాడాయన.

"ఆకలి మీద ఉన్నోడికి కుండెడు అన్నం ఒకేసారి పెడితే ఏమైతాదన్నా? కడుపు పట్టుకోని పడుకుంటాడు. దీనికీ అంతే."

కారును కొట్టు పక్కన చింతచెట్టు నీడకు తోయించి, ఆయన బస్సులో తోటకు పోయాడు.

మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటుండగా అంకాలమ్మకు బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. మొదట పట్టించుకోలేదు. కోటలో అది వింత కాదు. చెరువు ఎండగట్టినప్పుడల్లా రైతులు బ్లీచింగ్ చల్లుతారు, ఆ వాసన గాలికి ఊళ్లోకి వస్తుంది. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆగింది. బయట చింతకొమ్మలు తూర్పుకు వంగి ఊగుతున్నాయి. పడమటి గాలి. చెరువులన్నీ తూర్పునే ఉన్నాయి.

ఎంగిలిచేత్తోనే లేచి ఛార్జర్ ఆపింది. బ్యాటరీ మీదికి వంగి, నాలుగో మూత దగ్గర ముక్కు పెట్టి, వెంటనే వెనక్కి తీసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సెల్లులోకి ఉప్పునీళ్లు పోతేనే ఛార్జింగ్‌లో ఈ వాసన వస్తుంది. దిబ్బ మీది ఊళ్లో ఒకసారి ఎవరో సరస్సు నీళ్లే పోస్తే ఆమె ఇదే వాసన పీల్చింది. ఆ బ్యాటరీ నెల తిరక్కుండా పోయింది. ఉప్పు లోపల పలకలను మెల్లగా తినేస్తుంది. పైకి అంకెలు బాగానే కనిపిస్తాయి. నాలుగు రోజులు బాగానే తిప్పుతుంది. ఆ తర్వాత ఎక్కడో, ఎప్పుడో, చెప్పకుండా ఆపేస్తుంది.

ఎలా జరుగుతోందో చూద్దామని సాయంత్రం పద్మనాభయ్య వచ్చేసరికి ఆమె ఆ పెట్టెను తూకానికి వేసేవాటి వరుసలో పెట్టేసింది. విషయం చెప్పింది. ఆయన ఆ పెట్టె దగ్గరికి పోయి వంగి చూశాడు.

"ఇప్పుడు తిప్పుతాదా తిప్పదా?" అన్నాడు.

"ఇప్పుడైతే తిప్పుతాది."

"గురువారం దాకా?"

"తిప్పొచ్చు."

"అయితే ఎక్కించమ్మా. రేపు కాదు ఎల్లుండి, ఒక్కరోజు నిలబడితే చాలు. కాగితం చేతికొస్తే మిగతాది తర్వాత చూసుకుంటా. నిన్ను ఒక్కమాట అనను."

మామూలుగా ఆయన అడిగితే ఆమె కాదనదు. కొట్టు ముందు టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు కూడా పెద్దాయన చెప్పింది సబబేనన్నారు. బండి ఫిట్‌నెస్ తనిఖీకి అద్దె టైర్లు బిగించుకుని పోయేవాళ్లు లేరా, ఇదీ అలాంటిదే అన్నారు. అంకాలమ్మ వాళ్ల మాట విని, టీ గ్లాసులు తీసి పక్కన పెట్టింది.

"ఒక్కరోజు బ్యాటరీ నా చేతి మీదుగా పోదన్నా," అంది. "చచ్చేదని తెలిసి ఎక్కిస్తే జయకుమార్ అన్నమాట నిజమైతాది. ఎవరిముందరా తల వంచకుండా కాయ అమ్మినోడివి నువ్వు. నీకు దొంగ పెట్టె కట్టి పంపిస్తానా?"

"మరి గురువారం?"

"ఇంకా ఒకరోజు ఉండాది గదా," అని ఆమె మోపెడ్ తీసింది.

సుకుమార్ చెరువులు ఊరికి తూర్పున నాలుగు కిలోమీటర్లు. రెండు చెరువులు, రెండు జనరేటర్లు. ఒకటి ఎండగట్టింది, రెండో దాంట్లో పంట ఉంది. కాపలాదారు పెంచల్ గట్టు మీద మేత పళ్లాలు కడుగుతున్నాడు. ఆమె కేకలేమీ వేయలేదు. పక్కన కూర్చుని, ఆ బ్యాటరీలో నీళ్లు తగ్గినప్పుడు ఏం పోశావని అడిగింది.

పెంచల్ కల్లాకపటం లేని మనిషి. "నువ్విచ్చిన డబ్బాలోదే పోసినానక్కా. పంట చెరువు జనరేటర్‌కు పోసేసరికి అయిపోయినాయి. దీనికి చాల్లేదు. చెరువులో ముంచి పోసినా. నీళ్లే గదా."

బ్యాటరీకి పోసే నీళ్లు అంకాలమ్మ బ్యాంకు వెనక ఏసీ గొట్టం కింద ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకుంటుంది. సముద్రపు గాలికి ఏసీ రేకులకు ఉప్పు పడుతుంది కాబట్టి, మొదటి రెండు రోజుల నీళ్లు పారబోసి ఆ తర్వాతివే వడగడుతుంది. అంత జాగ్రత్త పడిన మనిషి, రెండు జనరేటర్లున్న చోటికి ఒక్క డబ్బా పంపింది. అయిపోతే ఏం చేయాలో చెప్పలేదు. చుట్టూ చెరువుల నిండా నీళ్లే ఉన్నచోట పెంచల్ ముంచి పోయక ఏం చేస్తాడు?

"తప్పు నీది గాదు పెంచలా, నాది," అంది. "పంట చెరువు దానికి డబ్బా నీళ్లే పోసినావా? గట్టిగా జెప్పు."

"ఆ అంకమ్మ తల్లి మీద ఒట్టు. ముందు దానికే పోసినా. పంట ఉండేది దాంట్లోనే గదా."

ఆ రెండో బ్యాటరీ కూడా అదే సైజు, అదే నెలలో కొన్నది. సుకుమార్ దానికి బదులుగా కొత్తది కొని షెడ్డులో అట్టపెట్టెలోనే ఉంచాడు. పంట తీశాక మారుద్దామని. ఆమె ఆయనకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఆమెను అక్కా అనే పిలుస్తాడు. కానీ ఆమె అడిగింది విన్నాక రెండడుగులు వెనక్కి వేశాడు.

పంట నీళ్లలో ఉండగా జనరేటర్ మీద ఎవరూ చెయ్యి వేయరు. ఆ చుట్టుపక్కల రైతులందరికీ అది నియమం. బోల్టు వదులైనా పంట తీసేదాకా ఆగుతారు. కదిలిస్తే రొయ్యకు ఏదో ఒకటి అవుతుందని నమ్మకం. సుకుమార్ తండ్రి ఒకసారి పంట మధ్యలో బెల్టు మార్చాడట, ఆ వారమే రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చిందట. ఇంకో పది రోజులు ఆగక్కా, పంట తీయగానే నీకే ఇస్తా అన్నాడు సుకుమార్. పది రోజుల తర్వాత పద్మనాభయ్య కారు ఎక్కడ ఉంటుందో ఆమె చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అబ్బయ్యా," అంది అంకాలమ్మ. "ఆ పక్క జనరేటర్ బ్యాటరీలో చెరువు నీళ్లు పోసినాడు పెంచల్. అది నేను ముక్కుతో చూసినా. ఈ దాంట్లో మంచి నీళ్లే పోసినానంటాడు. నేను నమ్ముతా ఉండా. నువ్వు నమ్ముతావా?"

సుకుమార్ పెంచల్ వైపు చూశాడు. పెంచల్ మేత పళ్లెం వైపు చూశాడు.

"వీడు ఏది దేంట్లో పోసినాడో ఎవరికి తెలుసు?" అన్నాడు సుకుమార్.

"నేనూ అదే అంటున్నా. తెలీనప్పుడు ఇంకో పది రోజులు దాని మీద పంట పెట్టుకోని కూచుంటావా? కొత్త పెట్టె షెడ్డులో నిద్రపోతా ఉండాది. ఇప్పుడు కరెంటు ఉండాది. చక్రాలు తిరగతా ఉండాయి. ఐదు నిమిషాల పని. మార్చినాక జనరేటర్ రెండుసార్లు వేసి చూపించే దాకా ఈ గట్టు దిగను. ఏమన్నా అయితే రేపట్నుంచి నా కొట్టు తలుపు తీయను."

సుకుమార్ కాసేపు చెరువు చుట్టూ తిరిగి వచ్చాడు. చివరికి ఒప్పుకున్నాడు కానీ, జనరేటర్‌కు కర్పూరం వెలిగించాకే ముట్టుకోవాలన్నాడు. డీజిల్ ట్యాంకు పక్కన కర్పూరం వెలిగిస్తే రొయ్య సంగతి అటుంచి ముందు మనం తేలతామని అంకాలమ్మ అంది. దాంతో పెంచల్ దూరంగా గట్టు మీద వెలిగించి, అక్కడినుంచే జనరేటర్ వైపు దణ్ణం పెట్టాడు.

ఆమె మొదట నెగటివ్ తీగ వదులు చేసింది, తర్వాత పాజిటివ్. పాతది దించి, కొత్తది ఎక్కించి, ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ బిగించింది. సుకుమార్ స్విచ్ తిప్పాడు. జనరేటర్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఆపించి, మళ్లీ వేయించింది. నీళ్లలో చక్రాలు ఆగలేదు. రొయ్యలకు పైన ఏం జరిగిందో తెలియలేదు. ఉప్పుబారిన బ్యాటరీని తూకానికి వేయగా వచ్చేది, ఈ పాతదాని ధర రెండూ తర్వాత చూసుకుందామని సుకుమార్ అన్నాడు. ఆమె పాత బ్యాటరీని మోపెడ్ మీద తాడుతో కట్టుకుని, చీకటి పడకముందే కోట చేరింది.

బుధవారం రోజంతా అది ఛార్జర్ మీద ఉంది. అంకాలమ్మ ప్రతి గంటకూ మూతల మీద వంగి వాసన చూసింది. మధ్యాహ్నానికి ఆరు సెల్లుల్లోనూ సన్నటి బుడగలు లేచాయి. పులుపు వాసన తప్ప ఇంకేమీ లేదు. రెండో సెల్లు మాత్రం మిగతావాటికంటే కొద్దిగా వెనకబడింది. దాని కోసం కరెంటు ఇంకా తగ్గించి, మరో నాలుగు గంటలు ఓపిక పట్టింది. అది కూడా పైకి వచ్చింది. తర్వాత తన పరీక్ష చెక్క తెచ్చింది. పాత లారీ హెడ్‌లైట్లు నాలుగు ఆమె స్వయంగా ఆ చెక్కకు బిగించింది. నాలుగూ వెలిగించి అరగంట పెట్టింది. ఎండలో వెలుతురు తెలియదని చేత్తో నీడ పట్టి, బలం తగ్గి లోపలి తీగ ఎర్రబడుతుందేమోనని చూసింది. ఎర్రబడలేదు. పద్మనాభయ్య ఎదురుగా కూర్చుని ఆ నాలుగు దీపాలను చూస్తూనే ఉన్నాడు.

గురువారం తెల్లవారి అంబాసిడర్ బానెట్ ఎత్తింది. తీగల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వేడినీళ్లతో కడిగి, ఆకురాయితో రుద్ది, మెరిసేదాకా వదల్లేదు. జనరేటర్ పెట్టె కారులో బ్యాటరీ కూర్చునే తొట్టికంటే రెండు వేళ్లు సన్నం. అలాగే వదిలేస్తే గుంటల రోడ్డు మీద కదిలి కదిలి తీగ ఊడుతుంది. తాటిచెక్క ముక్క చెక్కి, కొట్టి, సందులో బిగించింది. చెక్కకు కూడా రంగు వేయాలా అని పద్మనాభయ్య వేళాకోళం చేశాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే వేద్దామంది. తీగల మీద వాజిలిన్ పూసి బానెట్ దించింది.

"సెల్ఫ్ కొట్టన్నా."

ఇంజన్ అందుకుంది. చింతచెట్టు మీది కాకులు లేచాయి. ఆయన ముఖం చూసి ఆమె మేకు తీస్తుందనుకున్నాడు. ఆమె మేకు చొక్కా జేబులో వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. పని ఇంకా కాలేదు, గూడూరులో అవుతుంది అంది.

గూడూరులో వరుస పొడుగ్గా ఉంది. లారీలు, ట్రాక్టర్లు, స్కూలు వ్యాన్లు. ఒక బండి కదిలితే వెనకవాళ్లంతా స్టార్ట్ చేసి పది అడుగులు వేసి ఆపాలి. ఎండలో, వేడెక్కిన ఇంజన్‌తో, మూడు గంటల్లో పద్మనాభయ్య ఇరవైసార్లకు పైగా సెల్ఫ్ కొట్టాడు. జనరేటర్ కూడా రోజుకు అన్నిసార్లు కొట్టదు. వెనక వ్యాను డ్రైవర్ ఆ మోత విని, తాతా, ఇది కారా రైలింజనా అన్నాడు. రైలింజనే, నువ్వు వెనక పెట్టెవి, దూరం ఉండు అన్నాడు పద్మనాభయ్య.

పదకొండు దాటాక జయకుమార్ వచ్చాడు. అతని కొట్టు తనిఖీ జరిగే ఆ మైదానానికి దగ్గరే. టీ గ్లాసు పట్టుకుని వచ్చి, కొత్త రంగును తట్టి చూసి, క్రేను సాయంత్రం నాలుగుకు చెప్పానన్నాడు. అంకాలమ్మ కారులోంచి దిగలేదు.

ఇన్‌స్పెక్టర్ చిన్నవాడు, పనిలో నెమ్మదివాడు. ఇంజన్ ఆపమని, నంబర్లు చూసి, దీపాలన్నీ వేయమన్నాడు. హెడ్‌లైట్లు, వెనక దీపాలు, ఇండికేటర్లు, వైపర్లు. హారన్ కొట్టమన్నాడు. అన్నీ వేసి ఉండగా ఎవరో పిలిస్తే, ఆపండి అనకుండానే పక్కకు వెళ్లి, పావుగంట మాట్లాడి వచ్చాడు. ఆ పావుగంటా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పద్మనాభయ్య చెయ్యి స్విచ్ మీదికి పోయింది. ఆర్పేస్తే బ్యాటరీ మిగులుతుంది. అంకాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది.

"వెలగనీ," అంది. "వెలగడానికే పెట్టినా."

జయకుమార్ టీ అయిపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ తిరిగి వచ్చి, దీపాల వైపు చూసి, వేసే ఉన్నాయా అని ఆశ్చర్యపోయి, ఇప్పుడు స్టార్ట్ చేయమన్నాడు. పద్మనాభయ్య ఒక్క క్షణం ఆగాడు. సెల్ఫ్ కొట్టాడు.

ఇంజన్ ఒకసారి బరువుగా తిరిగింది. రెండోసారి తిరిగింది. అందుకుంది. పొగ, మోత, దానితోపాటు పాతికేళ్ల నిమ్మకాయల వాసన. ఇన్‌స్పెక్టర్ బ్రేకులు చూసి, అడుగున రేకు అతుకు వంగి చూసి, గట్టిగానే ఉందని కాగితం మీద రాసుకుంటూ ముందుకు పోయాడు.

"కాటికి పోయేవాడు గాదబ్బయ్యా," అన్నాడు పద్మనాభయ్య కిటికీలోంచి జయకుమార్‌తో. "మార్కెట్‌కు పోయేవాడు. నీ క్రేనుకు వేరే పని చెప్పు."

కాగితం చేతికి వచ్చాక కారును మైదానం పక్కన వేపచెట్టు కింద ఆపించి, తాళంచెవి తీసుకుంది అంకాలమ్మ. బానెట్ ఎత్తింది. చెక్కముక్కను వేలితో కదిపి చూసింది, కదల్లేదు. జేబులోంచి మేకు తీసి, సీసపు కొమ్ము మీద ఆనాటి తేదీ గీకింది. ఆరు నెలలు ఎక్కడ మొదలయ్యాయో ఇక ఎవరూ ఆమెను అడగక్కర్లేదు. బానెట్ దించి, సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. ఒకటి కాదు, రెండు. పెంచల్‌కు పంపినట్టు ఒక్కటే పంపే మనిషి కాదు ఇప్పుడు.

"నెలకోసారి మూతలు తీసి చూడు. తగ్గితే ఇవే పోయి. అయిపోతే పోయకుండా నా దగ్గరికి రా. ఇంకే నీళ్లూ పోయొద్దు," అని రెండు డబ్బాలూ, తాళంచెవీ ఆయన చేతిలో పెట్టింది.